టార్షన్ బార్ ఎంత లావుండాలి? పాత క్రైస్లర్ మజిల్ కార్ల ముందు సస్పెన్షన్ వెనక లెక్కలు

1970 నాటి ప్లిమత్ డస్టర్ 340, అంటే క్రైస్లర్ కంపెనీ వారి బలమైన ఇంజనున్న "మజిల్ కారు" ఒకటి, మీ షెడ్డులో ఉందనుకోండి. ఇంజన్ బాగుపడింది, రంగు పడింది, సీట్లు కొత్తవయ్యాయి. తీరా రోడ్డెక్కితే మలుపులో పడవలా ఒరుగుతోంది. బ్రేకు నొక్కితే ముక్కు నేలకు వంగుతోంది. ఎవరినడిగినా ఒకటే మాట: టార్షన్ బార్లు, అంటే ముందు చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే ఉక్కు కడ్డీలు, మార్చు. సరే, ఎంత లావువి? అక్కడ మొదలవుతుంది గొడవ. ఒకరు 0.92 అంటారు, ఒకరు 1.03 అంటారు, ఇంకొకరు 1.12 కంటే సన్నవి వేస్తే డబ్బు దండగ అంటారు. వీళ్ల మధ్యలో ఒక పెద్దాయన, కంపెనీ ఇచ్చిన 0.87 చాలు, ముందు షాక్ అబ్సార్బర్లు మార్చుకో అంటాడు. చిత్రమేమిటంటే వీళ్లెవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి కారు వాళ్లకు బాగానే నడుస్తోంది.

ఈ అంకెలన్నీ అంగుళాల్లో కడ్డీ వ్యాసాలు. 0.87కీ 1.03కీ తేడా నాలుగు మిల్లీమీటర్లు. రెండు కడ్డీలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఇంత చిన్న తేడాకు అంత రభసా అనిపిస్తుంది. ఆ నాలుగు మిల్లీమీటర్లు ఏం చేస్తాయో లెక్క వేస్తేనే తెలుస్తుంది.

## కడ్డీ స్ప్రింగ్ ఎలా అవుతుంది

బిగుసుకుపోయిన నట్టును పొడవాటి ఎక్స్‌టెన్షన్ రాడ్‌తో విప్పినవాళ్లకు ఈ సంగతి చేతికి తెలుసు. పాన హ్యాండిల్ కాస్త తిరుగుతుంది, నట్టు మాత్రం కదలదు. మధ్యలో ఉన్న రాడ్ మెలిపడుతోందన్నమాట. చెయ్యి వదిలితే హ్యాండిల్ వెనక్కి వస్తుంది. రాడ్ ఎంత పొడవుంటే అంత ఎక్కువ మెలిపడుతుంది, ఎంత లావుంటే అంత మొండికేస్తుంది. టార్షన్ బార్ అంటే ఇదే, మంచి స్ప్రింగ్ ఉక్కుతో చేసినది.

క్రైస్లర్ 1957 మోడల్ కార్ల నుంచి ముందు చక్రాలకు చుట్ట స్ప్రింగ్ తీసేసి ఈ కడ్డీలు పెట్టింది. దానికి టార్షన్-ఎయిర్ అని పేరు కూడా పెట్టుకుంది. పేరులో ఎయిర్ ఉందిగానీ అందులో గాలీ లేదు, గాలి స్ప్రింగూ లేదు. కారు పొడవునా, నేలకు సమాంతరంగా, ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి ఉంటాయి. ఒక్కో బార్ రెండు చివర్లూ ఆరు పలకలుగా ఉంటాయి. ముందు కొన చక్రాన్ని మోసే లోయర్ ఆర్మ్ కీలు దగ్గర దూరి ఉంటుంది. వెనక కొన గేర్‌బాక్స్ కింది అడ్డ దూలంలో కదలకుండా కూర్చుంటుంది. చక్రం పైకి లేస్తే ఆర్మ్ తిరుగుతుంది, ఆర్మ్‌తో పాటు కడ్డీ ముందు కొన తిరుగుతుంది, వెనక కొన తిరగదు. మధ్యలో పడే మెలే స్ప్రింగ్.

మనవాళ్లకు ఇది మరీ కొత్తదేమీ కాదు. అంబాసిడర్ కారు ముందు భాగం కిందికి తొంగి చూసినవాళ్లకు అక్కడ కమాను పట్టీలూ, చుట్ట స్ప్రింగూ కనపడక ఈ కారు దేని మీద నిలబడిందిరా అని అనుమానం వచ్చే ఉంటుంది. అదీ టార్షన్ బార్ మీద నిలబడ్డదే. మారిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన వారసత్వం అది.

## లావు కొంచెం పెరిగితే బిగువు ఎంతో పెరుగుతుంది

కడ్డీ బిగువు దాని వ్యాసానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అంటే వ్యాసాన్ని నాలుగుసార్లు పక్కపక్కన రాసి హెచ్చవేయాలి. గందరగోళంలో సగానికి సగం ఇక్కడిదే.

మన డస్టర్‌లో కంపెనీ బార్ 0.87. దాని నాలుగో ఘాతం 0.573. 0.92కి వెళితే 0.716. వ్యాసం ఆరు శాతం కూడా పెరగలేదు, బిగువు మాత్రం 25 శాతం పెరిగింది. 1.00 బార్ అయితే 75 శాతం ఎక్కువ. 1.03 అయితే దాదాపు రెట్టింపు. 1.12 అయితే రెండు ముప్పావు రెట్లు. 0.92కీ 1.12కీ మధ్య ఒక్క మెట్టే కదా అన్నట్టు మాట్లాడేవాళ్లు అసలు వేరే కారు గురించి మాట్లాడుతున్నారన్నమాట.

రెట్లతో సరిపెట్టకుండా అసలు అంకె కూడా వేద్దాం. ఉక్కు మెలిపడకుండా ఎదిరించే గుణాన్ని చదరపు అంగుళానికి కోటీ పదిహేను లక్షల పౌండ్లుగా తీసుకుంటారు. డస్టర్ బార్ పొడవు 35.8 అంగుళాలు. లోయర్ ఆర్మ్ పొడవు సుమారు 13 అంగుళాలు అనుకుందాం. సూత్రంలో వేస్తే 0.87 బార్‌కు అంగుళానికి 107 పౌండ్ల దరిదాపుల్లో వస్తుంది. చక్రం ఒక అంగుళం పైకి కదలాలంటే అదనంగా 48 కిలోల బరువు పడాలి అని అర్థం. ఇదే లెక్కన 0.92కి 134, 1.03కి 210, 1.12కి 294. బార్ తయారీదారులు ఇచ్చే అంకెలు వీటికి అటూఇటూగా ఉంటాయి. ఆర్మ్ పొడవు ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారన్నదాన్ని బట్టి కొంచెం మారతాయి.

## ఒకే అంకె రెండు కార్లలో రెండు రకాలు

క్రైస్లర్ వాళ్ల చిన్న కార్లను ఏ-బాడీ అంటారు: వేలియంట్, డార్ట్, డస్టర్ వంటివి. రోడ్‌రన్నర్, చార్జర్ వంటి మధ్యరకం బి-బాడీ. 1970లో వచ్చిన చాలెంజర్, కొత్త బారకూడా ఈ-బాడీ. బి, ఈ రెంటిలోనూ బార్ పొడవు 41 అంగుళాలు. పొడవు పెరిగితే బిగువు తగ్గుతుంది కాబట్టి, ఒకే లావు బార్ చాలెంజర్‌లో కంటే డస్టర్‌లో 14 శాతం ఎక్కువ బిగువుగా ఉంటుంది. పైగా డస్టర్ తేలిక. చాలెంజర్ మిత్రుడు "నేను 1.00 వేశాను, అద్భుతంగా ఉంది" అంటే, అదే బార్ డస్టర్‌లో రెండు కారణాల వల్ల గట్టిగా అనిపిస్తుంది.

1976లో వచ్చిన ఆస్పెన్, వొలారే కార్లలో బార్లను అడ్డంగా పెట్టారు. వాటితో ఈ లెక్కలకు సంబంధం లేదు.

చుట్ట స్ప్రింగులున్న షెవర్లే కమారో కారు మిత్రుడితో పోల్చుకుంటే ఇంకో చిక్కు. అతను తన స్ప్రింగులు అంగుళానికి 400 పౌండ్లు అంటాడు. మనవి 134 అని వినగానే చిన్నతనంగా ఉంటుంది. కానీ అతని చుట్ట స్ప్రింగ్ చక్రం దగ్గర లేదు, ఆర్మ్ మధ్యలో ఎక్కడో కూర్చుంది. చక్రం ఒక అంగుళం కదిలితే స్ప్రింగ్ 0.55 అంగుళమే నలుగుతుందనుకుందాం. అప్పుడు చక్రం దగ్గర బిగువు లెక్కకు ఆ 0.55ను రెండుసార్లు హెచ్చవేయాలి: 400ను 0.3తో. వచ్చేది 121. చక్రం దగ్గర తేలే ఈ అంకెనే వీల్ రేట్ అంటారు. క్రైస్లర్ బార్లకు చెప్పే అంకె మొదటి నుంచీ దాదాపు వీల్ రేటే. 400 దగ్గర తలెత్తుకు తిరిగే కమారో, 134 దగ్గర చిన్నబోయిన డస్టర్ కంటే నిజానికి మెత్తన.

## బోల్టు తిప్పితే బార్ గట్టిపడదు

లోయర్ ఆర్మ్ దగ్గర ఒక సర్దుబాటు బోల్టు ఉంటుంది. దాన్ని బిగిస్తే కారు ముందు భాగం లేస్తుంది, వదులు చేస్తే దిగుతుంది. చుట్ట స్ప్రింగులవాళ్లు స్ప్రింగ్ కోసుకోవాల్సిన చోట వీళ్లకు పాన చాలు. ఈ సౌకర్యమే ఒక పెద్ద అపోహకు మూలం: బోల్టు బిగిస్తే సస్పెన్షన్ గట్టిపడుతుందని.

గట్టిపడదు. బోల్టు మార్చేది మెలి ఎక్కడ మొదలవుతుందన్నదే. కారు బరువు మారలేదు కాబట్టి కారును మోయడానికి కావలసిన మెలీ మారదు. కడ్డీ లావు, పొడవు అవే ఉన్నాయి కాబట్టి తర్వాతి అంగుళానికి పడాల్సిన బరువూ అదే. ఎత్తు మాత్రమే మారింది. అయినా చాలామంది "దించాక కారు గట్టిగా తయారైంది" అని ప్రమాణం చేసి చెబుతారు. వాళ్ల అనుభవం నిజమే. కారణం బార్ కాదు, బంప్ స్టాప్.

## మెత్తని స్ప్రింగ్ నడుం విరగ్గొట్టడం ఎలా సాధ్యం

బంప్ స్టాప్ అంటే ఆర్మ్ మరీ పైకి పోకుండా ఆపే రబ్బరు ముక్క. ఆర్మ్ దానికి తగిలిన క్షణం నుంచి స్ప్రింగ్ పని అయిపోయినట్టే. ఇనుము మీద రబ్బరు, రబ్బరు మీద కారు. మొత్తం వ్యవహారంలో నన్ను అడిగితే అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేదీ, అన్నిటికంటే ఎక్కువ తేల్చేదీ ఈ రబ్బరు ముక్కే.

బ్రేకు లెక్క చూద్దాం. కారు బరువు 3200 పౌండ్లు, బరువు కేంద్రం నేల నుంచి 20 అంగుళాల ఎత్తు, రెండు ఇరుసుల మధ్య 108 అంగుళాలు అనుకుందాం. ఇప్పటి రేడియల్ టైర్లతో గట్టిగా బ్రేకు వేస్తే 0.8 జీ వరకూ, అంటే కారును వెనక్కి లాగే బలం దాని బరువులో 0.8 వంతు వరకూ వస్తుంది. అప్పుడు ముందుకు మళ్లే బరువు 3200ను 0.8తో, 20తో హెచ్చవేసి 108తో భాగిస్తే 474 పౌండ్లు. ఒక్కో ముందు చక్రానికి 237.

0.87 బార్ మీద అది 2.2 అంగుళాల వంపు. 0.92 మీద 1.8. 1.03 మీద 1.1. ఆర్మ్‌ల కోణాల వల్ల అసలు వంపు కొంత తగ్గుతుంది, కానీ ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి ఇది చాలు.

ఇప్పుడు ఆ కారును అందం కోసం అంగుళంన్నర దించారు. కిందికి దిగినంత మేరా బంప్ స్టాప్ దగ్గరపడింది. మూడు అంగుళాల ఖాళీ ఉన్నచోట ఒకటిన్నరే మిగిలింది. 0.87 బార్‌తో గట్టిగా బ్రేకు వేస్తే ఆర్మ్ రబ్బరుకు కొట్టుకుంటుంది, 0.92తోనూ కొట్టుకుంటుంది. బ్రేకు వేస్తూ గుంటలో పడితే ఇక చెప్పక్కర్లేదు. మెత్తని బార్ ఉన్న కారు కర్కశంగా ఉండేది ఇందుకే. అలాంటి కారులో 1.03 వేసి "లావు బార్ వేశాక కారు మెత్తబడింది" అని ఆశ్చర్యపోయేవాళ్లున్నారు. బార్ మెత్తబడలేదు, ఆర్మ్ రబ్బరును కొట్టడం మానేసింది, అంతే.

దీన్నిబట్టి చూస్తే "ఎంత లావు" అన్న ప్రశ్నకు ముందు "ఎంత ఎత్తు" అన్న ప్రశ్న ఉంది. కంపెనీ ఎత్తులో ఉన్న కారుకు 0.92 సరిపోయిందని ఒకరూ, దించిన కారుకు 1.03 తప్పలేదని ఇంకొకరూ వాదించుకుంటుంటే ఇద్దరి మాటా నిజం కావచ్చు.

## కారు ఊగే లయ

సస్పెన్షన్ గట్టిదా మెత్తదా అని పోల్చడానికి ఇంజనీర్లు వాడే కొలత ఇంకోటి ఉంది: కారు ముందు భాగాన్ని నొక్కి వదిలితే, షాక్ అబ్సార్బర్ లేనట్టయితే, సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుంది? దీనికి ప్రమాణం హెర్ట్జ్. ఇందులో బరువు కూడా కలిసి ఉంటుంది కాబట్టి తేలిక కారునూ బరువు కారునూ పోల్చవచ్చు. మామూలు కుటుంబ కార్లు 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి. చురుకైన రోడ్డు కార్లు 1.5 నుంచి 2 వరకు. రేసు కార్లు ఆపైన.

డస్టర్‌లో ఒక్కో ముందు బార్ మోసే బరువు 700 పౌండ్లు అనుకుంటే 0.87తో 1.2 హెర్ట్జ్ వస్తుంది. 0.92తో 1.4. 1.03తో 1.7. 1.12తో 2. అంటే కంపెనీ బార్ కుటుంబ కారు వరసలోనే ఉంది. 0.92 వేసినా ఆ వరస దాటలేదు. 1.03 నేటి స్పోర్ట్స్ కారు దారి. 1.12 రేసు ట్రాక్ గడప మీద ఉంది.

కంపెనీ అంత మెత్తగా ఎందుకిచ్చింది? వాళ్లకు తెలియక కాదు. ఆనాటి బయాస్ టైర్లకు పట్టు తక్కువ. మలుపులో టైరు ముందే జారేది కాబట్టి కారు మరీ ఒరిగే అవకాశమే ఉండేది కాదు. అదే కారుకు ఇప్పటి వెడల్పాటి రేడియల్ టైరు వేస్తే పట్టు పెరుగుతుంది, దాంతో ఒరుగుడూ పెరుగుతుంది. బార్ పాతదే, పని కొత్తది.

## లావు బారా, లావు స్వే బారా?

ఇక్కడ రెండు వర్గాలున్నాయి, రెండింటి దగ్గరా సరుకుంది.

స్వే బార్ అంటే ఎడమ, కుడి ఆర్మ్‌లను కలిపే అడ్డ కడ్డీ. రెండు చక్రాలూ కలిసి లేస్తే అది ఏమీ చేయదు. ఒకటి లేచి ఒకటి దిగితే, అంటే కారు ఒరిగితే, అడ్డం పడుతుంది. మొదటి వర్గం మాట: టార్షన్ బార్ మెత్తగానే ఉంచు, స్వే బార్ లావుది వేయి. తిన్నగా పోయేటప్పుడు హాయి, మలుపులో నిలకడ. రెండో వర్గం మాట: టార్షన్ బార్ లావుది వేయి, స్వే బార్ సన్నది చాలు.

ఒరుగుడును ఆపడానికి ఒక్కో చక్రం దగ్గర అంగుళానికి మొత్తం 187 పౌండ్ల బిగువు కావాలనుకుందాం. మొదటివాళ్లు దాన్ని బార్ నుంచి 107, స్వే బార్ నుంచి 80గా తెచ్చుకుంటారు. రెండోవాళ్లు 160, 27గా తెచ్చుకుంటారు. మలుపులో రెండు కార్లూ ఒకేలా ఒరుగుతాయి. బ్రేకు వేస్తే మాత్రం మొదటి కారు 107 మీదే వంగుతుంది, రెండోది 160 మీద. పై లెక్కలోని 237 పౌండ్లకు అది 2.2కీ 1.5కీ మధ్య తేడా. ఒక పక్క చక్రమే గుంటలో పడితే మొదటి కారులో ఆ కుదుపు స్వే బార్ గుండా రెండో పక్కకూ పాకి కారు తల అటూ ఇటూ ఊపుతుంది. రోజూ హైవే మీద పోయేవాళ్లకు మొదటి పద్ధతి సుఖం, వంకర దారుల్లో బ్రేకులు వేస్తూ పోయేవాళ్లకు రెండోది. నా మొగ్గు రెండోదాని వైపే, కారు దించి ఉంటే మరీను.

రెండు వర్గాలూ ఒక్కోసారి మరిచిపోయేది వెనక చక్రాలను. ముందు భాగం ఒక్కటే గట్టిపడి, వెనక పాత కమాను పట్టీలే ఉంటే, మలుపులో ముందు టైర్లే ఎక్కువ బరువు మోసి ముందే పట్టు వదులుతాయి. స్టీరింగ్ తిప్పినా కారు తిన్నగా పోవాలని చూస్తుంది. లావు బార్ వేశాక కారు మొద్దుబారింది అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

## లావు బార్ వెంట వచ్చే ఖర్చులు

బార్ బిగువు పెరిగితే దాన్ని అదుపు చేసే షాక్ అబ్సార్బర్ కూడా బలపడాలి. కావలసిన అదుపు బిగువు వర్గమూలంతో పెరుగుతుంది. బిగువు దాదాపు రెట్టింపైన 1.03కి 40 శాతం ఎక్కువ అదుపు కావాలి. పాత తరహా చవక షాకులతో ఆ బార్ కారును బంతిలా ఎగరేస్తుంది. అప్పుడు తిట్లన్నీ బార్‌కు పడతాయి. "షాకులు మార్చుకో" అన్న పెద్దాయన మాటలో బలం ఇక్కడుంది: సన్న బార్ మీద మంచి షాకులు వేసిన కారు, లావు బార్ మీద పాత షాకులతో నడిచే కారు కంటే మెరుగ్గా ఉంటుంది.

ఇంకోటి చక్రం కిందికి వేలాడినప్పటి సంగతి. 700 పౌండ్లు మోయడానికి 0.87 బార్ ఆరున్నర అంగుళాల మేర మెలిపడి ఉండాలి. 1.03కి మూడుంపావు చాలు. కాబట్టి జాకీ మీద కారు ఎత్తినప్పుడు చక్రం మూడుంపావు అంగుళాలు కిందికి జారేసరికి లావు బార్‌లో మెలి అంతా అయిపోయి అది వదులవుతుంది. అందుకే కొందరు తయారీదారులు లావు బార్ల చివరి ఆరు పలకలను కొంచెం తిప్పి చేస్తారు. అలా చేయని బార్‌తో కొన్ని కార్లలో సర్దుబాటు బోల్టు ఎటు చూసినా చివరికి వచ్చేసి, కావలసిన ఎత్తు కుదరదు.

ఎడమ బార్, కుడి బార్ ఒకటి కావు. తయారీలోనే వాటిని చెరో దిక్కుకు మెలిపెట్టి ఆ దిక్కుకు అలవాటు చేస్తారు. కంపెనీ బార్ల కొన మీద ఎల్ లేదా ఆర్ గుర్తు ఉంటుంది. మెలి ఒత్తిడి ఎక్కువుండేది కడ్డీ పైపొరలో కాబట్టి, పైన పడిన గీత కూడా పగుళ్లకు దారి తీయగలదు. పైపు రెంచి పట్టిన గుర్తులున్న పాత బార్‌ను మెకానిక్కులు అనుమానంగా చూసేది అందుకే.

టార్షన్ బార్లే వద్దు, మొత్తం ముందు చట్రం మార్చి చుట్ట స్ప్రింగున్న కాయిలోవర్ కిట్ వేసుకుందాం అనేవాళ్లూ ఉన్నారు. ఎగ్జాస్ట్ పైపులకు చోటు దొరుకుతుంది, స్ప్రింగ్ మార్చడం సులువు. అయితే కంపెనీ నాడు ముందు చక్రాల బరువును బార్ల ద్వారా కారు మధ్యలోని దూలానికి పంపింది. కాయిలోవర్ దాన్ని ఇంజన్ పక్కనే ఉన్న రేకు భాగానికో, కొత్త చట్రానికో పంపుతుంది. ఆ భాగాలు ఆ పనికి బలపడి ఉండాలి. బార్‌కు వ్యతిరేకంగా చెప్పే కారణాల్లో చాలావాటికి సరైన బార్, సరైన షాకు జవాబు చెబుతాయి. చోటు సమస్యకు మాత్రం చెప్పలేవు.

## ఇప్పుడు కారులో ఉన్నదేమిటి?

ఈ లెక్కలన్నీ 0.87 దగ్గర మొదలుపెట్టాం, డస్టర్ 340కి కంపెనీ ఇచ్చింది అదే కాబట్టి. కానీ కారు వయసు యాభై దాటింది. తిన్నగా పావు మైలు పరుగు తీసే డ్రాగ్ రేసుల్లో ఇవి బాగా తిరిగాయి. అక్కడ కోరిక సరిగ్గా తిరగబడుతుంది: పచ్చదీపం పడగానే ముక్కు పైకి లేచి బరువు వెనక టైర్ల మీద పడాలి. అందుకని పెద్ద ఇంజన్ కార్లలో ఆరు సిలిండర్ల కారు తాలూకు 0.83 బార్లు వేసేవాళ్లు. సన్న బార్‌ను బాగా మెలిపెట్టి ఉంచితే, బరువు తేలికవగానే ముక్కును ఎక్కువ దూరం లేపుతుంది.

అలాంటి కారు నాలుగు చేతులు మారి మీ షెడ్డుకు వచ్చి ఉంటే, కంపెనీ బార్ మెత్తగా ఉందని మీరు పడుతున్న బాధ అసలు కంపెనీ బార్‌ది కాదు. 0.83 నుంచి 0.87కి వస్తేనే బిగువు 20 శాతం పెరుగుతుంది. కంటికి తేడా తెలియదు, అది ఒక్క మిల్లీమీటర్. వెర్నియర్ కాలిపర్‌తోనే తేలుతుంది, అదీ బార్ మీద ఏళ్ల తరబడి పేరుకున్న రంగునూ తారునూ కొలిచే చోట మెత్తగా తుడిచాకే.